వసూలుదారు లేని బాకీ

(కన్నెగంటి హనుమంతు స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)

కన్నెగంటి హనుమంతును తలచుకునే సభలో అడవి గురించో రైతు గురించో మాట్లాడటం రివాజు. నేను జకాత్ గురించి మాట్లాడబోతున్నాను. ఆయనకూ దీనికీ సంబంధం ఏమిటని అడిగేవారికి ముందే జవాబు చెప్పాలి. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టం అన్నారు. తరతరాలుగా తమ పశువులు మేసిన అడవిలోకి మళ్లీ తోలాలంటే సర్కారుకు సొమ్ము చెల్లించాలన్న నిబంధన వాళ్లకు న్యాయంగా తోచలేదు. వసూలుకు వచ్చిన అధికారులకు ఊళ్లలో సాయం పుట్టకుండా చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో వాళ్లను నడిపించిన హనుమంతు ప్రాణం పోయింది. తుపాకీ ఉన్న సర్కారు కూడా తేలిగ్గా వసూలు చేయలేకపోయిన సొమ్ము అది. అదే పల్నాట నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో మరో బాకీ ఉంది. దానికి నోటీసు రాదు, జప్తు ఉండదు, కట్టలేదని అడిగే అధికారి లేడు. అయినా ఏటా రంజాన్ నెలలో వేలమంది దాన్ని తీరుస్తున్నారు. బలవంతం చేసినా కట్టని పన్నులున్నాయి, బలవంతం లేకపోయినా తీరే బాకీ ఉంది. ఈ రెండో దాన్ని తీర్పించేది ఏమిటన్నదే నేటి నా ప్రశ్న.

ఇస్లాం మూలస్తంభాలు ఐదింటిలో జకాత్ ఒకటి. నిత్యావసరాలు, అప్పులు పోను చేతిలో ఒక కనీస పరిమాణానికి మించి సంపద ఉండి, దానికి ఒక చాంద్రమాన సంవత్సరం నిండితే అందులో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర, ఇచ్చెయ్యాలి. ఆ కనీస పరిమాణాన్ని నిసాబ్ అంటారు. మన దేశంలో ఎక్కువమంది అనుసరించే లెక్కలో అది 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి. ఉండే ఇంటికి, నడిపే ఆటోకి, పనిముట్లకు జకాత్ లేదు. నగదుకు, బంగారం వెండికి, అమ్మకానికి ఉంచిన సరుకుకు ఉంది. ఎవరికి ఇవ్వాలో ఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ వాక్యం ఎనిమిది వర్గాలుగా చెప్పింది. పేదలు, అప్పుల్లో కూరుకుపోయినవారు, దారిలో చిక్కుకున్న బాటసారులు అందులో ఉన్నారు. తల్లిదండ్రులకు, కన్నబిడ్డలకు ఇస్తే, భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకుంటే చెల్లదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మేనత్తకు, పినతండ్రికి ఇవ్వొచ్చు. వాళ్లు పేదవాళ్లయితే ముందు వాళ్లకే ఇవ్వడం మేలంటారు. ఈ నియమాలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నా వాదమంతా వీటి మీదే నిలబడుతుంది.

మనుషులు పన్ను ఎందుకు కడతారో చెప్పడానికి ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ నమూనా ఉంది. 1972లో అలింగ్‌హామ్, సాండ్మో అనే ఇద్దరు ప్రతిపాదించారు. పట్టుబడే అవకాశం ఎంత, పట్టుబడితే జరిమానా ఎంత అన్న రెండు లెక్కలు వేసుకుని మనిషి ఆదాయం చూపాలా దాచాలా అని నిర్ణయించుకుంటాడని దాని సారాంశం. మన దేశంలో జకాత్‌కు ఈ రెండూ సున్నా. ఆ నమూనా ప్రకారమైతే ఒక్కరూ కట్టకూడదు. దీనికి విశ్వాసి దగ్గర తడుముకోనక్కరలేని జవాబు ఉంది: చూసేవాడు పైన ఉన్నాడు, ఆయన కన్నుగప్పడం ఎవరి తరమూ కాదు, పరలోకంలో లెక్క అప్పజెప్పక తప్పదు. అంటే విశ్వాసి దృష్టిలో పట్టుబడే అవకాశం నూటికి నూరు. ఈ జవాబును నేను తేలిగ్గా తీసుకోను. జకాత్‌కు పునాది అదే. కానీ పునాది ఒక్కటే కారణమైతే ఒక ఫలితం కనిపించాలి. పైవాడికి బీరువాలోని నోటూ కనిపిస్తుంది, కళ్లంలోని మిరపకాయా కనిపిస్తుంది, మెడలోని గొలుసూ కనిపిస్తుంది. కాబట్టి భయభక్తులున్న మనిషి మూడింటి మీదా సమానంగా తీర్చాలి. అలా జరుగుతోందా?

జరగడం లేదు. రంజాన్‌లో ఉపవాసం దాదాపు అందరూ పాటిస్తారు. ఆకలికీ దాహానికీ లెక్కల పుస్తకం అక్కర్లేదు. తెల్లవారుజామున ఫజ్ర్ వేళకు తినడం ఆపి, సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినగానే విప్పితే చాలు. జకాత్ దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి తడబడతాడు. బ్యాంకులో ఉన్న డబ్బు మీద తీరుస్తాడు, ఇంట్లో బంగారం మీద ఉజ్జాయింపుగా ఇస్తాడు, పంట మీద ఇవ్వాల్సిన భాగం సంగతే గుర్తుండదు. పంట మీది బాకీని ఉష్ర్ అంటారు. వాన మీద పండిన పంటలో పదో వంతు, డబ్బో శ్రమో పెట్టి నీరు పారించి పండించినదానిలో ఇరవయ్యో వంతు. ఇది రంజాన్ కోసం ఆగదు. కోసిన రోజునే దాని హక్కు తీర్చాలన్నది అన్‌ఆమ్ సూరా 141వ వాక్యం భావం. ఉష్ర్ మరుగున పడిపోయిందని మన ఉపఖండపు ధర్మ పండితులైన ఉలమాలే పదేపదే వాపోతుంటారు. దేవుడి మీద నమ్మకం నగదుకు ఒక రకంగా, పంటకు మరో రకంగా ఉండదు కదా. కాబట్టి తేడా నమ్మకంలో లేదు. మరెక్కడో ఉంది. విశ్వాసం బాకీ ఉందని ఒప్పిస్తుంది. లెక్క తెలిస్తేనే ఆ బాకీ తీరుతుంది. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదొక్కటే.

ముందుగా ఒక ఎకరం మిరప తోట తీసుకుందాం. నాగార్జునసాగర్ కుడి కాలువ, మనం జవహర్ కాలువ అనేది, 1967లో పారడం మొదలయ్యాక పల్నాట కొంత నేల తడి నేల అయింది. మిగతాది ఇప్పటికీ వాన మీదా బోరు మీదా బతుకుతోంది. ఒకే ఊళ్లో కాలువ కింద రైతుకు ఇరవయ్యో వంతు, మెట్ట మీద పత్తి వేసినవాడికి పదో వంతు. రెండు నీళ్లూ కలిసి పండిస్తే ఏది ఎక్కువో దాన్నిబట్టి. సరే, కాలువ కింద ఎకరానికి ఇరవై క్వింటాళ్లు దిగుబడి వచ్చిందనుకుందాం. ఉష్ర్ ఒక క్వింటా. 2025లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద నిర్ణయించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ లెక్కన పంట మొత్తం విలువ 2,35,620 రూపాయలు, అందులో 11,781 రూపాయలు పేదల భాగం. విత్తనం, నారు, మందులు, కోత కూలీ, కౌలు అన్నీ కలిపితే ఎకరా ఖర్చే రెండు లక్షలు దాటే పంట ఇది. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ న్యాయ సంప్రదాయంలో ఉష్ర్ మొత్తం దిగుబడి మీద పడుతుంది, సాగు ఖర్చు మినహాయించరు. నగదు మీది జకాత్‌కు అప్పు అడ్డొస్తుంది, ఉష్ర్‌కు అప్పు కూడా అడ్డు రాదు. ఇక కౌలు రైతు సంగతి. నగదు కౌలుకిచ్చిన భూమిలో ఉష్ర్ భూయజమానిది అని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ మాత్రం పండించినవాడిది అన్నారు. అసలు భారతదేశపు భూములు ఉష్ర్ పరిధిలోకి వస్తాయా రావా అన్నదాని మీదే ఉలమాలలో భేదాభిప్రాయం ఉంది. కౌలు నేలలో మిరప వేసి ధర పడిపోయిన రైతు ముందు ఇన్ని ముడులున్నాయి. వీటిలో ఏది ఎలా విప్పాలో చెప్పేవారు లేనప్పుడు అతడు చేసే పని ఒక్కటే, మాట్లాడకుండా దాటవేయడం. దాన్ని భక్తి లోపం అనడం అన్యాయం.

కళ్లంలోనే మరో పరీక్ష ఉంది. ఏరిన ఎర్రకాయ ఒక కుప్ప, రంగు పోయిన తాలు కాయ మరో కుప్ప. గుంటూరు మిర్చి యార్డులో ఈ రెంటి ధరకూ పొంతన ఉండదు. దానానికి నాసి సరుకు ఎంచి పెట్టవద్దని, మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోనిదాన్ని మీరు ఇతరులకు ఇవ్వవద్దని బఖరా సూరాలో హెచ్చరిక ఉంది. దాదాపు పద్నాలుగు శతాబ్దాల కిందటి ఖర్జూరపు తోటల ప్రజలకు చెప్పిన మాట అది. మన మిరప కళ్లంలో తాలు కుప్ప పక్కన నిలబడిన రైతుకు దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మొత్తంలో ఇరవయ్యో వంతు ఎంతో చెప్పడానికి కొంత చదువు కావాలి. ఏ కుప్పలోంచి తీయాలో మాత్రం అతడి మనస్సాక్షికి తెలుసు. జకాత్‌లో విశ్వాసం ఎక్కడ పనిచేస్తుందో, లెక్క ఎక్కడ మొదలవుతుందో ఈ రెండు కుప్పల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో ఉదాహరణ ఇల్లాలి బంగారం. ప్రవక్త (స) కాలంలో ఇరవై దీనార్ల బంగారం, రెండు వందల దిర్హముల వెండి ఇంచుమించు సమానమైన విలువ. ఇవాళ 612 గ్రాముల వెండి రెండు సవర్ల బంగారం విలువ కూడా చేయదు. ఒక సామాన్య కుటుంబంలోని స్త్రీకి పెళ్లినాటి ఐదు సవర్లు ఉన్నాయనుకోండి. నలభై గ్రాములు, బంగారం నిసాబ్‌లో సగం కూడా కాదు. ఆ ఒక్కటే ఉంటే జకాత్ లేదు. దాంతోపాటు ఖర్చులు పోను కొంచెం నగదు దాచుకుని ఉంటే, రెండింటినీ కలిపి వెండి నిసాబ్‌తో పోలుస్తారు. వెంటనే జకాత్ పడుతుంది. ధరించే నగ మీద జకాత్ లేదనే అభిప్రాయం షాఫయీ సంప్రదాయంలో ఉంది కానీ ఇక్కడ ఎక్కువమంది హనఫీలు, వాళ్ల లెక్కలో ఒంటి మీది నగకూ బాకీ ఉంది. నలభై గ్రాముల మీద ఏటా ఒక గ్రాము. ఇది భర్త బాకీ కాదు, ఆమె సొంత బాకీ. చాలా ఇళ్లలో నగ ఆమెది, నగదు ఆయనది. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లే స్త్రీ ఒక గ్రాము బంగారం విలువ ఎక్కడి నుంచి తెస్తుంది? భర్త ఇస్తేనే తీరుతుంది. ఆ నగ పంట పెట్టుబడికి బ్యాంకులో కుదువలో ఉంటే జకాత్ ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. ఇలాంటిచోట ఆమె భక్తి ఎంతన్నది చర్చలోకే రాదు. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది, అడిగి తెలుసుకునే చోటు ఆమెకు ఉందా అన్నవే తేలాల్సిన విషయాలు.

వ్యాపారంలో లెక్క ఇంకో రకంగా తిరుగుతుంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీకి జకాత్ లేదు. ఆ బట్టీలోంచి బయటికి వచ్చి అమ్మకానికి సిద్ధంగా ఉన్న సున్నానికి ఉంది. మాచర్లలో రాయి కోసే యంత్రానికి లేదు, కోసి పేర్చిన నాపరాళ్లకు ఉంది, అదీ కొన్న ధరకు కాదు, ఆ రోజు మార్కెట్ ధరకు. ఇంతవరకు వ్యాపారికి బాగానే తెలుసు. చిక్కంతా స్థలాల దగ్గర. 2014 తర్వాత అమరావతి రాజధాని వేడిలో సత్తెనపల్లి, నరసరావుపేట వైపు కూడా ప్లాట్లు కొన్నవాళ్లు చాలామంది. లాభానికి అమ్మాలనే ఉద్దేశంతో కొన్న ప్లాటు సరుకు కిందికి వస్తుంది, ఏటా మొత్తం విలువ మీద జకాత్ పడుతుంది. ఇల్లు కట్టుకుందామనో, పిల్లలకు ఉంటుందనో కొంటే పడదు. కొన్ననాటి ఉద్దేశం ఏమిటో కొన్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ధర పెరిగినప్పుడు పెట్టుబడి అనుకున్నది, జకాత్ లెక్క వేసేటప్పుడు పిల్లల కోసం అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇది అజ్ఞానం కాదు, మనిషి మనసు తనకు తాను చెప్పుకునే సాకు. కాబట్టి లెక్క తెలిస్తే చాలు, అందరూ సక్రమంగా తీరుస్తారని నేను అనడం లేదు. లెక్క స్పష్టంగా ఉన్నచోట సాకు దాక్కునే చోటు తగ్గుతుంది అంటున్నాను.

ఈ లెక్క ఏ భాషలో చేరుతోందో కూడా చూడాలి. ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభాలో ముస్లింలు పదో వంతుకు పైగా ఉన్నారు. వాళ్లలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారూ ఉన్నారు, నూర్‌బాషాల వంటి తెలుగే మాతృభాషగా ఉన్నవారూ ఉన్నారు. దూదేకుల వృత్తి నుంచి వచ్చిన ఈ నూర్‌బాషాలకు, ఉర్దూ మాట్లాడతారు గానీ బడిలో తెలుగే చదివిన యువతకు, శుక్రవారపు జుమా ప్రసంగం (బయాన్)లోని ధర్మశాస్త్ర (ఫిఖ్) పదాలు సగమే చెవికెక్కుతాయి. బయాన్ ఉర్దూలో, యార్డు పట్టీ తెలుగులో, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో. ఈ మూడింటినీ కలిపి కూడేవాడు ఇంట్లో ఎవరు? గీటురాయి వంటి పత్రికలు, తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వంటి సంస్థలు తెలుగులో ధర్మ సాహిత్యం తెచ్చి చేసిన మేలు తక్కువ కాదు. అయినా కౌలు మిరప రైతు ప్రశ్నకు, కుదువ బంగారం ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే తెలుగు కాగితం ప్రతి మసీదు గోడ మీదా ఉందని ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. జకాత్‌కు అసలు కారణం విశ్వాసమూ కాదు, లెక్కా కాదు, నలుగురిలో పేరు అనేవారు ఉన్నారు. మలేషియాలో జకాత్ మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు ఐసెక్ అజ్‌జెన్ 1991లో వివరించిన సిద్ధాంతాన్ని వాడుకున్నాయి. మనిషికి ఆ పని మీద ఉన్న అభిప్రాయం, తనవాళ్లు తన నుంచి ఏమి ఆశిస్తున్నారన్న ఊహ, ఆ పని తన చేతనవుతుందన్న నమ్మకం – ఈ మూడూ కలిసి నడిపిస్తాయని ఆ సిద్ధాంతం. రెండోదాని బలాన్ని నేను కాదనను. కానీ పేరే కావాలంటే పల్నాట అంతకన్నా సులువైన దారులున్నాయి. మసీదు గోడ మీద చలవరాతి పలకలో దాతల పేర్లు చెక్కుతారు. దర్గా దగ్గర కందూరు విందు పెడితే ఊరంతా తిని చెప్పుకుంటుంది. జకాత్ సొమ్ము మసీదు కట్టడానికి పనికిరాదు, ఇమాం జీతానికీ పనికిరాదు. అది ఒక పేద మనిషి చేతికి చేరి అతడి సొంతం కావాలి. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని చెప్పాల్సిన అవసరం కూడా లేదు. భర్త పోయిన చెల్లెలికి పండగపూట ఈదీ కానుక అని చెప్పి చేతిలో పెట్టొచ్చు, మనసులో ఉద్దేశం జకాత్ అయితే చాలు, బాకీ తీరిపోతుంది. ఎదుటివాడి పరువు పోకుండా, ఇచ్చేవాడికి పేరు రాకుండా ఇంత జాగ్రత్తపడిన ఏర్పాటులో కీర్తికాంక్షను ప్రధాన కారణంగా చూడటం అతకదు.

అయితే ఒక చూపు పనిచేస్తుంది. ఇచ్చేవాడి మీద ఊరి చూపు కాదు, తీసుకునేవాడి మీద ఇచ్చేవాడి చూపు. ఎవరికి చేరుతోందో కళ్లారా కనిపిస్తే చేయి ఆగదు. అందుకే జకాత్‌లో పెద్ద భాగం పేద బంధువులకు, ఇంటి పనిమనిషికి, వీధిలోని వితంతువుకు పోతుంది. రంజాన్‌లో రసీదు పుస్తకాలతో దూరప్రాంతాల మదరసాల నుంచి చందాలు వసూలు చేసే సఫీర్లు వస్తారు. వాళ్లలో నిజాయితీపరులు ఎందరో ఉన్నారు. అయినా రసీదు మీద ముద్ర తప్ప ఏమీ తెలియని చోటికి మనిషి వెయ్యి ఇచ్చేచోట వంద ఇచ్చి పంపుతాడు. సంస్థ మీద నమ్మకం కుదిరినచోట ఇదే మనిషి వెనకాడడు. హైదరాబాద్‌లో 1992లో గియాసుద్దీన్ బాబూఖాన్ ప్రారంభించిన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ చదువు మీద దృష్టి పెట్టి ఇన్నేళ్లు నిలబడటానికి, పేదపిల్లల చదువు రూపంలో ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో దాతకు కనిపించడం ఒక ముఖ్య కారణం. ఇదీ లెక్కే. ముందు చెప్పింది ఎంత ఇవ్వాలన్న లెక్క, ఇది ఎక్కడికి చేరిందన్న లెక్క. రెండూ ఉన్నచోట జకాత్ నిండుగా తీరుతుంది.

రెండో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదురు దిశ నుంచి వస్తుంది. ఇన్ని చిక్కులు మనుషుల ఇష్టానికి వదిలెయ్యడం వల్లే, ప్రభుత్వమే కోసుకుంటే పోతుంది కదా అంటారు. దీనికి చరిత్రలో పెద్ద ఆధారమే చూపుతారు. ప్రవక్త (స) మరణించాక 632లో కొన్ని తెగలు నమాజు చేస్తాం గానీ జకాత్ ఇవ్వం అంటే తొలి ఖలీఫా అబూబక్ర్ వాళ్ల మీద యుద్ధానికి దిగారు. నిజమే. కానీ ఆ తర్వాత కథను కూడా చెప్పాలి. పశువులు, పంటలు వంటి బయటికి కనిపించే సంపద మీద ప్రభుత్వ వసూలు కొనసాగింది. నాణేలు, సరుకు వంటి లోపలి సంపద లెక్కను మూడో ఖలీఫా ఉస్మాన్ కాలం నుంచి యజమానులకే వదిలేశారని హనఫీ న్యాయవేత్తలు చెబుతారు. ఇంటింటి పెట్టెలు తెరిచి చూడటం వల్ల వచ్చే చేటు, వదిలేయడం వల్ల వచ్చే నష్టం కన్నా ఎక్కువని వాళ్లు గ్రహించారు.

మన కాలపు ఉదాహరణ పాకిస్తాన్. 1980లో జియా ఉల్ హఖ్ జకాత్, ఉష్ర్ ఆర్డినెన్స్ తెచ్చి పొదుపు ఖాతాల నుంచి రంజాన్ మొదట్లో రెండున్నర శాతం నేరుగా కోసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే షియాలు ఇస్లామాబాద్‌ను ముట్టడించి మినహాయింపు సాధించుకున్నారు. సున్నీలకు కూడా ప్రకటన ఇచ్చి తప్పుకునే వీలు 1999 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. రంజాన్‌కు ముందు ఖాతాలు ఖాళీ చేసుకుని, తర్వాత తిరిగి వేసుకోవడం అక్కడ అలవాటైపోయింది. ఆ డబ్బు తీసేవాళ్లందరూ భక్తిహీనులని ఎవరూ అనలేరు. వాళ్లలో చాలామంది ఆ సొమ్మును తామే పేదలకు ఇచ్చుకుంటారు. ప్రభుత్వం చేతిలో అది ఎక్కడికి పోతుందో తెలియకపోవడమే వాళ్ల అభ్యంతరం. మలేషియా ఇందుకు భిన్నం. 1991లో కౌలాలంపూర్‌లో ప్రత్యేక వసూలు కేంద్రం పెట్టారు, జీతంలోంచి నెలనెలా కోయించుకునే వీలు కల్పించారు, కట్టిన జకాత్‌ను వ్యక్తిగత ఆదాయపు పన్నులో తగ్గించుకోనిస్తారు. అక్కడ వసూళ్లు పెరిగాయి. దీన్ని బలవంతానికి విజయంగా చూపేవారున్నారు. నాకు మాత్రం అందులో కనిపించేది లెక్క తేలిక కావడం, ఒకే సొమ్ము మీద రెండుసార్లు భారం పడకపోవడం. మన దేశంలో అలాంటి చట్టం లేదు, రావాలని నేను కోరడమూ లేదు. పుల్లరిని తిరస్కరించిన నేలకు ఇది కొత్త పాఠం కాదు. న్యాయం అనిపించని చేతికి సొమ్ము ఇవ్వడానికి మనిషి దొంగదారులు వెతుకుతాడు.

మూడో అభ్యంతరం ధార్మికులది. దేవుడి కోసం చేసే పనిలో గ్రాములు, శాతాలు, పట్టీలు తెచ్చి పెడితే భక్తి ఎండిపోతుందని వాళ్ల భయం. ఆ మాటకొస్తే నలభయ్యో వంతు, ఇరవయ్యో వంతు, పదో వంతు అని విభజించింది ధర్మమే. చేతికి ఎముక లేకుండా ఇచ్చేవాళ్లకు సదఖా అనే విశాలమైన దారి ఉంది. అది ఎంతైనా కావచ్చు, ముస్లిమేతర పొరుగువాడికీ ఇవ్వచ్చు. జకాత్ మాత్రం పేదవాడి హక్కు. ఉజ్జాయింపుగా ఇచ్చి సరిపెట్టుకున్నవాడు ఎక్కువిస్తే దానం చేసినట్టు, తక్కువిస్తే ఒకరి సొమ్ము ఉంచుకున్నట్టు. నాలుగో అభ్యంతరం తైమూర్ కురాన్ వంటి ఆర్థికవేత్తలది. జకాత్ వల్ల సమాజంలో పేదరికం తగ్గిన ఆధారాలు బలహీనం అంటారు వాళ్లు. ఒక జిల్లా స్థాయి పట్టణంలోని మధ్యతరగతి పొదుపులో నలభయ్యో వంతు ప్రభుత్వ విద్యకో వైద్యానికో బదులు కాదని నేనూ ఒప్పుకుంటాను. సచార్ కమిటీ 2006లో చూపించిన ముస్లింల వెనుకబాటు అంత చిన్న సొమ్ముతో పూడేది కాదు. అయితే సొమ్ము ఎందుకు చిన్నదిగా ఉంది? పంట, నగ, ప్లాటు లెక్కలోకి రాకుండా మిగిలినది నగదు ఒక్కటే గనక. అసలు మొత్తం ఎంతో తేలకముందే దాని శక్తి ఇంతే అని తీర్మానించడం తొందరపాటు.

కాలం కూడా ఈ లెక్కలో ఒక పక్షం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ ఏళ్లలో అది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, యార్డుకు మిరప బస్తాలు (టిక్కీలు) దండిగా వచ్చే రోజుల్లో పడుతోంది. చేతిలో డబ్బు ఉన్నప్పుడే రంజాన్ వస్తోంది. 2030లో జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి వస్తుంది. 2036 నాటికి అక్టోబర్‌కు, 2040 నాటికి సెప్టెంబర్‌కు చేరుతుంది. అప్పుడు రైతు చేతిలో పైసా ఉండదు, మందుల కొట్లో బాకీ ఉంటుంది. జకాత్‌ను రంజాన్ ఉత్సాహానికి మాత్రమే కట్టిపడేస్తే పదేళ్లలో అది సన్నగిల్లక తప్పదు. రంజాన్‌లో ఇస్తే పుణ్యం ఎక్కువన్న భావన మంచిదే కానీ, ధర్మం అడిగింది నగదుకు నిండిన సంవత్సరాన్ని, పంటకు కోత రోజును. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క రాసే దుకాణదారు సూర్యమానం పట్టుకుంటే రెండున్నరకు బదులు 2.577 శాతం ఇవ్వాలని కొందరు ఆధునిక విద్వాంసులు సూచిస్తారు. ఆ చిన్న తేడా కూడా పేదవాడిదే.

ఈ వాదం నిజమైతే చేయాల్సిన పని శుక్రవారపు ఖుత్బా ప్రసంగంలో నరకభయం పెంచడం కాదు. పల్నాటి మసీదు కమిటీలు, ఉలమాలు కలిసి కూర్చుని కౌలు మిరపకు, మెట్ట పత్తికి, కుదువ బంగారానికి, ప్లాటుకు తమ నిర్ణయం ఏమిటో ఒక పుట తెలుగు కాగితంలో రాసి ఇవ్వాలి. అభిప్రాయభేదం ఉన్నచోట రెండు అభిప్రాయాలూ రాయొచ్చు, రైతు ఎంచుకుంటాడు. కోతల ముందు జనవరిలో ఒక జుమా ఉష్ర్ కోసం కేటాయించాలి. ఆడవాళ్లు తమ నగల లెక్క తామే అడిగి తెలుసుకోవడానికి ఆడవాళ్లే నడిపే ఏర్పాటు ఉండాలి. బైతుల్ మాల్ (ఉమ్మడి నిధి) పెట్టుకున్న ఊళ్లలో తీసుకున్నవారి పేర్లు గుట్టుగా ఉంచి, వచ్చినదెంత, పోయినదెంత, ఏ పనికి పోయింది అన్నది ఏటా గోడ మీద అతికించాలి. తన సహచరుడు ముఆజ్‌ను యెమెన్‌కు పంపుతూ అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే ఇమ్మని ప్రవక్త (స) చెప్పారు. దాన్ని అనుసరిస్తూనే, నిసాబ్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేని రాతి క్వారీల ఊళ్లకు నరసరావుపేట మిగులును పంపే దారి వేయాలి, ఎందుకంటే అవసరం ఎక్కువగా ఉన్నచోటికి పంపడానికి ఫిఖ్ అనుమతిస్తుంది. ఇవేవీ భారీ ఖర్చుతో కూడినవి కావు. ఇవి జరిగిన చోట జకాత్ పెరుగుతుందో లేదో ఐదేళ్లలో తేలిపోతుంది. పెరిగితే నా వాదం నిలుస్తుంది. పెరగకపోతే భక్తి లోపం అన్నవారి మాటకు మనం తల ఒగ్గాలి. అప్పటివరకు పల్నాటి ముస్లిం రైతును, కూలి తల్లిని భక్తి తక్కువవారని అనే హక్కు వాళ్ల భాషలో లెక్క చెప్పని మనలో ఎవరికీ లేదు.